పక్కనుంచి కనపడే తెర

వీడియో గేమ్ మెషీన్‌ని ఇంట్లో సొంతంగా తయారుచేసుకునేవాళ్ళు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. ప్లైవుడ్ కోయించి నిలువెత్తు పెట్టె కట్టించుకుని, లోపల ఓ చిన్న కంప్యూటరూ, ముందు జాయ్‌స్టిక్కూ బటన్లూ పెట్టుకుంటారు. వాళ్ళు తెగ వాదించుకునేది మాత్రం మానిటర్ గురించే. పాత డబ్బా టీవీల్లోని పిక్చర్ ట్యూబు పెట్టాలా, ఇప్పటి పల్చటి ఎల్‌సీడీ పెట్టాలా అని. మా అక్క కూతురూ నేనూ కలిసి అలాంటి పెట్టె ఒకటి మొదలుపెట్టాక నేనూ ఆ వాదనలో పడ్డాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసిందానికి ఇదేం పని అని ఇంట్లో నవ్వారు గానీ, నిజానికిది నాకు బాగా అలవాటైన గొడవే. ఏది అసలు ప్రతి, ఏది పాఠాంతరం, ఎవరి చేతిలో ఉన్నదాన్ని అసలు అంటున్నాం?

ట్యూబు పక్షం వాళ్ళ వాదనలో బలముంది. 1980లలో ఆ బొమ్మలు గీసినవాళ్ళు ట్యూబు మీద చూసుకుంటూనే గీశారు. తెర మొత్తానికి అడ్డంగా రెండు మూడొందల చుక్కలు, అంతే. ట్యూబులో ఎలక్ట్రాన్ల కిరణం ఒక్కో గీతే గీసుకుంటూ పోతుంటే ఆ చుక్కల అంచులు కాస్త ఒలికి, ఒకదాన్లో ఒకటి కలిసిపోయి బొమ్మ గుండ్రంగా, వెలుగుతూ కనపడేది. అదే బొమ్మ ఎల్‌సీడీ మీద బాత్రూమ్ టైల్స్ అతికించినట్టుంటుంది. ట్యూబు గీతల్ని అనుకరించే ఫిల్టర్లు ఇప్పుడు వచ్చాయి, కొన్ని బాగానే ఉన్నాయి కూడా. అయినా ఆ మెరుపు వేరు, ఒప్పుకోవాలి.

మా తమ్ముడు ఇంకో అడుగు ముందుకేసి, "అక్కా, ముస్తఫా డబ్బా టీవీలో ఆడితేనే ముస్తఫా" అన్నాడు. ముస్తఫా అంటే 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. అందులో ఆడేందుకు నలుగురు మనుషులుంటారు: జాక్, హానా, ముస్తఫా, మెస్. మన దేశంలో మగపిల్లలందరూ ముస్తఫానే ఎంచుకోబట్టేమో ఆటకి ఆ పేరే స్థిరపడింది. హానా పేరు తమ్ముడికి గుర్తులేదు. "ఆ అమ్మాయా" అన్నాడు.

వాడి జ్ఞాపకం నిజమైనదే. కానీ అది నాకు లేదు. 1990ల చివర్లో మా ఊళ్ళో బస్టాండ్ పక్కన వీడియో గేమ్స్ షాపు ఉండేది. గుమ్మానికి నల్లటి కర్టెన్, లోపల్నుంచి గుద్దుల చప్పుళ్ళు, కేకలు. లోపలికి రావద్దని నాతో ఎవరూ అన్లేదు, అనాల్సిన అవసరమే రాలేదు. తమ్ముణ్ణి భోజనానికి పిలుచుకురమ్మని అమ్మ పంపిస్తే కర్టెన్ పక్కకి జరిపి పిలిచేదాన్ని. అప్పుడు నాకు కనపడింది నాలుగైదు వీపులు, వాటి సందుల్లోంచి ఏటవాలుగా కాస్త రంగు. ట్యూబు మీద బొమ్మ ఎలా ఉండేదో అనే వివరం కోసం నేను ఎంత శ్రద్ధగా వెతికినా, అది వేరేవాళ్ళ బాల్యానికి నమ్మకంగా ఉండటమే అవుతుంది. "అసలైన అనుభవం" అని రాసినవాళ్ళు ఎక్కడ నిలబడి చూశారో ఎప్పుడూ చెప్పరు, గమనించారా?

అందుకే మా ఇద్దరికీ ఏ ఆట ముఖ్యమో ముందు తేల్చుకున్నాం. ముస్తఫాకి తెర అడ్డంగా ఉండాలి. మాకు కావాల్సిన 'సెంటిపీడ్'కి నిలువుగా ఉండాలి. అటారీ 1981లో తెచ్చిన ఈ ఆటని ఎడ్ లాగ్‌తో కలిసి డోనా బెయిలీ తయారుచేసింది. అటారీలో షాపుల మెషీన్లకి ఆటలు రాసే విభాగంలో అప్పుడు ప్రోగ్రామర్‌గా ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆమె. గులాబీ, లేతాకుపచ్చ లాంటి ఆ రంగులు ఆమెకి నచ్చి పెట్టినవి. తర్వాత కొన్నేళ్ళకి ఆ పరిశ్రమనే వదిలేసి, అర్కాన్సాలో విశ్వవిద్యాలయంలో రచనా పాఠాలు చెప్పింది. (1980 నాటి 'ప్యాక్‌మాన్' సృష్టికర్త తోరు ఇవతాని ఆడవాళ్ళని ఆటల షాపులకి రప్పించాలనుకుని, వాళ్ళకేం ఇష్టమా అని ఆలోచించి, తిండి అని తేల్చుకున్నాడట. ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు!)

తెరని నిలువుగా తిప్పేసరికి అసలు చిక్కు బైటపడింది. చవక ఎల్‌సీడీల్లో ఒకప్పుడు ఎక్కువ భాగం టీఎన్ రకమే ఉండేవి. వాటిని ఎదురుగా చూస్తే బాగానే ఉంటాయి, కింద్నుంచో పైనుంచో చూస్తే రంగులు నల్లబడతాయి, వెలిసిపోతాయి. నిలువుగా తిప్పితే ఆ లోపం పక్కలకి వస్తుంది. ఆడే మనిషికి అంతా చక్కగా కనపడుతుంది, పక్కన నిలబడ్డ మనిషికి బూడిదరంగు. ఐపీఎస్ రకంలో ఈ బాధ దాదాపు ఉండదు. ట్యూబులోనూ ఉండదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ట్యూబుని ఆఫ్ చేశాక కూడా లోపల వేల వోల్టులు నిలవుండిపోవచ్చు. పన్నెండేళ్ళ పిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుని అన్నీ తనే విప్పుతానంటోంది. "నువ్వు ముట్టుకోకు" అనే మాట ఈ పెట్టె విషయంలో దాంతో అనదల్చుకోలేదు.

సికింద్రాబాద్ సీటీసీలో షాపుల వెంట తిరిగాం. ఓ షాపతను "బాబు కోసమా మేడం?" అన్నాడు. "నా కోసం" అన్నాను. "ఐతే సార్‌తో ఓసారి మాట్లాడించండి" అన్నాడు. పిల్ల మాత్రం వరసగా ఆన్ చేసున్న మానిటర్లకి పక్కగా నిలబడి తల వాల్చి చూసుకుంటూ పోయింది. ఆఫీసుల్లోంచి తీసేసిన వాటిల్లో 20 అంగుళాల ఐపీఎస్ ఒకటి దొరికింది. 1600కి 1200, పాత టీవీల్లాగే నాలుగుకి మూడు కొలత. నిలువుగా పెడితే వెడల్పు 1200 అవుతుంది. సెంటిపీడ్ వెడల్పు 240 చుక్కలు, అంటే ఒక్కో చుక్కకి సరిగ్గా ఐదు. ఎత్తులో లెక్క అంత ముచ్చటగా కుదరదు, ఫిల్టర్ పెట్టి సర్దుకోవాలి. కొత్త 24 అంగుళాల వెడల్పు మానిటర్‌ని నిలువుగా పెట్టినా మాకొచ్చే బొమ్మ ఇంచుమించు ఇంతే, పైనా కిందా నల్లపట్టీలు అదనం.

"పిన్నీ, ఇక్కణ్ణుంచి చూడు, గులాబీ గులాబీగానే ఉంది" అంది, షాపు గోడకి అతుక్కుని.

వెనక నాలుగు స్క్రూ రంధ్రాలూ చదరంగా, 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. ఎటు తిప్పినా అదే ప్లేటుకి పడతాయి. తమ్ముడొచ్చినప్పుడు ముస్తఫా కోసం అడ్డంగా తిప్పుకుంటాం. హానాని మాత్రం వాడికివ్వం.