వెనుదిరిగి చూడరాదు

బస్తరు సీమలోని దంతేవాడలో, శంఖిని, డంకిని నదులు కలిసే చోట దంతేశ్వరీ దేవి ఆలయం ఉన్నది. దేవి అక్కడ ఎందుకు వెలసిందో చెప్పే గాథ ఒకటి ఆ ప్రాంతంలో తరతరాలుగా వాడుకలో ఉన్నది. తెలుగువారికి అది పరాయి కథ కాదు.

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైంది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు కోట విడిచి, గోదావరి దాటి, ఉత్తరాన దండకారణ్యంలోకి ప్రవేశించాడు. దేవి అతనికి ప్రత్యక్షమై, అతను నడిచినంత మేరా అతని రాజ్యమేనని వరమిచ్చింది. తాను వెనుకనే వస్తానన్నది. అందెల సవ్వడి వినిపిస్తూనే ఉంటుందనీ, వెనుదిరిగి మాత్రం చూడరాదనీ నియమం పెట్టింది. నదీ సంగమం దగ్గర దేవి పాదాలు ఇసుకలో దిగబడి, అందెల సవ్వడి ఆగిపోయింది. రాజు మనసు నిలువలేదు. వెనుదిరిగి చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది.

1703 నాటి దంతేవాడ శాసనం కూడా బస్తరు రాజవంశాన్ని ఓరుగల్లు కాకతీయులతోనే ముడిపెడుతున్నది. శాసనం సంగతి చరిత్రకారులది. జనం మనసులో నిలిచినది మాత్రం ఆ ఒక్క చూపు. అది జరిగిపోయింది. దానికి సవరణ లేదు.

కూలిన కోట, దేశం విడిచిన రాకుమారుడు, తిరిగి నిర్మించుకోవలసిన రాజ్యం: ఇదే ఇతివృత్తంతో, బస్తరు పేరైనా వినని జపాను దేశస్థులు కొందరు 1990 ఏప్రిల్ 20న ఒక వీడియో ఆటను విడుదల చేశారు. దాని పేరు ఫైర్ ఎంబ్లెమ్. ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అనే సంస్థ దానిని నింటెండో కంపెనీ వారి ఫ్యామికామ్ యంత్రం కోసం తయారుచేసింది. రూపకల్పన షోజో కగాది. నిర్మాత గున్‌పేయ్ యొకోయ్. కథానాయకుడు మార్త్ అనే రాకుమారుడు. తండ్రి యుద్ధంలో మరణిస్తాడు. రాజధాని శత్రువుల పాలవుతుంది. తమ్ముడు తప్పించుకోవడానికి వీలుగా అక్క వెనుక ఉండిపోతుంది. అతను ఒక చిన్న ద్వీపంలో తలదాచుకొని, పిడికెడు మంది అనుచరులతో తిరిగి బయలుదేరతాడు.

ఆట తీరు చదరంగానికి దగ్గర. గళ్ళు గీసిన నేల మీద ఒకరి తరువాత ఒకరు ఎత్తులు వేయాలి. అయితే చదరంగంలో బంటుకు పేరు లేదు. ఒక బంటు పోతే మరునాటి ఆటలో మళ్ళీ అదే గడిలో నిలబడుతుంది. ఫైర్ ఎంబ్లెమ్‌లో ప్రతి యోధునికీ ఒక పేరు, ఒక ముఖం, చాలామందికి ఒక ఊరూ ఒక కథా ఉన్నాయి. ఆటగాడి తొందరపాటు వల్ల వారిలో ఒకరు నేలకొరిగితే, ఆ యుద్ధంలోనే కాదు, ఆ తరువాతి ఏ యుద్ధంలోనూ కనిపించరు. చివరి ఘట్టాలలో 'ఓమ్' అనే ఒక మంత్రదండం దొరికే వీలున్నది. అది మృతులలో ఒక్కరిని మాత్రమే బ్రతికిస్తుంది. ఆ ఒక్కరు ఎవరన్నది ఆటగాడే తేల్చుకోవాలి.

యుద్ధాన్ని ఆటగా మార్చినవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఆటలో మరణానికి ఇంత బరువు ఇచ్చినవారు అరుదు. పేరు తెలిసిన మనిషిని ముందు వరుసలో నిలబెట్టే ముందు, పదేళ్ళ పిల్లవాడైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణమే ఈ ఆటకు ప్రాణం.

మనిషి స్వభావం చిత్రమైనది. నియమం ఎంత కఠినమో, దానిని తప్పించుకునే దారి అంత త్వరగా వెదుకుతాడు. ఇష్టమైన యోధుడు మరణించగానే యంత్రం మీది రీసెట్ మీట నొక్కి, ఆ ఘట్టాన్ని మొదటి నుండి ఆడుకోవడం ఆటగాళ్ళకు అలవాటయింది. ఒక్కరి కోసం గంట సేపు చేసిన శ్రమను వదులుకున్నవారు ఎందరో! అన్నమదేవుని వలె వారూ వెనుదిరిగి చూశారు.

కగా మాత్రం పట్టు సడలించలేదు. 1996లో వచ్చిన నాల్గవ ఆటలో కథానాయకుడైన సీగుర్డ్ కథ మధ్యలోనే, గెలిచి వచ్చిన వేళ, ద్రోహానికి బలి అవుతాడు. మిగిలిన కథ అతని కుమారునిది. ఆ మరణాన్ని ఏ మీటా తప్పించలేదు. 1999లో ఐదవ ఆట ముగించి కగా సంస్థను విడిచిపెట్టాడు.

అంతవరకు జపాను ఎల్లలు దాటని ఈ ఆట 2003లో ఆంగ్లంలో వెలువడింది. కాని రోజులు మారాయి. కొత్తవారు ఈ కాఠిన్యానికి జంకారు. 2010లో జపానులో విడుదలైన ఆటలో మొదటిసారి ఒక సడలింపు కనిపించింది: కోరుకున్నవారికి, పడిపోయిన యోధులు ఆ ఘట్టం ముగియగానే తిరిగి వస్తారు. 2012 నాటి 'అవేకెనింగ్' అమ్మకాలు 2,50,000 ప్రతులకు చేరకపోతే ఈ పరంపర అంతటితో ముగిసేదని నిర్మాతలే తరువాత చెప్పారు. ఆ ఆట అంచనాలను ఎంతో మించి అమ్ముడుపోయింది. దాని విజయంలో సడలింపుకూ భాగం ఉన్నదనడం అన్యాయం కాదు.

2017లో మరొక అడుగు పడింది. మీలా అనే దేవత పేరిట ఒక కాలచక్రం ఆటలోకి వచ్చింది. దానిని తిప్పితే వేసిన ఎత్తు వెనక్కి పోతుంది, పోయిన ప్రాణం తిరిగి వస్తుంది. 2019 నాటి 'త్రీ హౌసెస్'లో సోథిస్ అనే దేవత అటువంటి శక్తినే కథానాయకునికి ప్రసాదిస్తుంది. ఆ ఆట లోకమంతటా 40 లక్షల ప్రతులకు పైగా చెల్లిపోయింది. దంతేవాడ దేవి వెనుదిరిగి చూడరాదన్నది. ఈ దేవతలు చూడవచ్చునన్నారు, అయితే లెక్కపెట్టిన కొన్ని సార్లు మాత్రమే.

దీనిని పతనమని నిందించనక్కరలేదు. చేసిన తప్పును దిద్దుకోవాలనే కోరిక మనిషికి సహజం. అది నిజ జీవితంలో తీరదు గనుకనే ఆటలో తీర్చుకుంటాడు.

నిజ జీవితంలో ఎందుకు తీరదో బస్తరు నేలకు బాగా తెలుసు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులు జరిగాయి. అన్నమదేవుని గద్దెనెక్కిన చివరి రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ అందులో మరణించాడు. ఆయన పేరు చరిత్రకెక్కింది. ఆయనతోపాటు ప్రాణాలు విడిచిన ఆదివాసుల పేర్లు ఎందరికి తెలుసు? 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవానులు మరణించారు. 2012 జూన్‌లో సర్కేగూడలో భద్రతా దళాల కాల్పులకు 17 మంది గ్రామస్థులు బలి అయ్యారు. వారు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని న్యాయ విచారణ సంఘం తరువాత తేల్చింది. పత్రికలు చదివేవారికి మిగిలినవి 76, 17 అనే అంకెలు. ఆ అంకెలలో ప్రతి ఒక్కటీ ఒక ఇంటిలో ఒక పేరు.

ఆ నేల మీదనే మరొక ఆచారం కూడా ఉన్నది. అక్కడి గోండులు చనిపోయినవారి జ్ఞాపకార్థం రాతి పలకలో, చెక్క స్తంభాలో నిలబెడతారు. దంతేవాడకు సమీపంలోని గామావాడలో ఇటువంటి పెద్ద శిలలు వరుసగా కనిపిస్తాయి. మన పల్లెల్లోని వీరగల్లులు యుద్ధంలో పడిన వీరులకు. ఇవి మామూలు మనుషులకు కూడా. కొన్నింటి మీద పశువులు, పక్షులు, వేట దృశ్యాలు చెక్కి రంగులు వేస్తారు. పోయిన మనిషిని ఆ రాయి తిరిగి తీసుకురాదు. అతడు ఒకడుండేవాడని మాత్రం చెబుతుంది.

1990లో షోజో కగా తన ఆటలో ప్రతి బంటుకూ ఒక పేరు పెట్టాడు. ఆటగాడు ఆ పేరు కోసం వేలు వెనక్కి తీసుకున్నాడు. మీటలూ కాలచక్రాలూ ఆటలో ఎన్నైనా రావచ్చు. ఆట బయట మిగిలినది ఒక్కటే: ఎత్తు వేయకముందే ఎదుటివాని పేరు తెలుసుకోవడం.