ఆ 13 అక్షరాలు ఎవరివి?

"నువ్వు కంప్యూటర్ పని చేస్తావుగా, దీని మీద ఏం రాసుందో కాస్త చూసిపెట్టు బాబూ" అంటూ మా ఓనర్ బామ్మగారు ఓ చిన్న చెక్కపెట్టె నా చేతిలో పెట్టారు. టోక్యోకి ఉద్యోగానికొచ్చిన రెండో ఏడాది సంగతి ఇది. సాఫ్ట్‌వేర్ వాడంటే అన్నీ తెలిసినవాడని అక్కడా నమ్మకమే!

పెట్టెలో అరచేతిలో ఇమిడే ఇనుప బిళ్ల ఒకటి. మధ్యలో కత్తి దూరేంత కంత. దీన్ని 'త్సుబా' అంటారు. కత్తి పిడికీ అలుగుకీ మధ్య ఉండి చేతిని కాపాడుతుంది. మీదంతా యోధులు, చెట్లు, మబ్బులు. బియ్యపు గింజంత ముఖాలకి బంగారం పొదిగారు. కంతకి అటూ ఇటూ సన్నటి అక్షరాలు, లెక్కపెడితే 13. చనిపోయిన భర్తకి అదంటే ప్రాణమట. కొడుకేమో అమ్మేద్దామంటున్నాడు. "ఎవరు చేశారో తెలిస్తే ఉంచుకోవాలో, ఇచ్చేయాలో తేల్చుకుంటా" అన్నారావిడ.

మొదట నల్లగా ఉంది కదా, తోమేద్దాం అనుకున్నా. మనింట్లో వెండి కుందుల్ని టూత్‌పేస్ట్‌తో రుద్దినట్టు! అదృష్టం బాగుండి ముందు గూగుల్ చేశా. ఆ నలుపు మురికి కాదు, పనివాడు కావాలని తెప్పించిన రంగు. అది పోయిందా, వస్తువు విలువా పోయినట్టే.

ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ పెడితే నది, నాచు అంటూ ఏదో వాగింది. పేర్లకి కూడా అర్థాలు చెప్పడం దాని జబ్బు. లైటు పక్కనుంచి పడేలా పెట్టి మళ్లీ ఫొటోలు తీసి, ఒక్కో అక్షరం వెతుక్కున్నా. మూడు రాత్రులు పట్టింది. "గోషూ హికోనె వాసి మొగరాషి న్యూదో సోతెన్ చేశాడు." ఊరు, పేరు, 'చేశాడు' అన్న మాట. సంతకాల్లో ఎక్కువ ఈ పద్ధతిలోనే ఉంటాయి. హికోనె అంటే బివా సరస్సు ఒడ్డున కోట ఉన్న ఊరు. సోతెన్ అక్కడి పేరున్న పనివాడు.

ఆగలేక ఆ రాత్రే బామ్మగారి తలుపు కొట్టా. ఆవిడ మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేశారు.

అసలు కథ మర్నాడు మొదలైంది. ఇంకాస్త చదివితే తెలిసిందేంటంటే, సోతెన్ పనికి గిరాకీ ఎంతంటే, తర్వాత ఎందరో అదే శైలిలో చెక్కి, అదే పొడవాటి సంతకం పెట్టేశారు. ఇలాంటి దొంగ సంతకాన్ని 'గిమెయ్' అంటారు. ఇక పేర్ల గొడవ సరేసరి. హమనో మసయుకి, హమనో షోజుయి ఇద్దరనుకున్నా. ఒకే మనిషి! అవే అక్షరాలని రెండు రకాలుగా చదవొచ్చు. గోతో వంశంలో తొలి తరాల వాళ్లయితే సంతకమే పెట్టలేదు. తర్వాతి తరాల వాళ్లు చూసి "ఇది ఫలానా తాతగారి పని" అని చెక్కారు.

ఓ పాత వస్తువుల వ్యాపారి దగ్గరికి పట్టుకెళ్లా. ఆయన సంతకం వైపు చూడనే లేదు. బిళ్లని వెనక్కి తిప్పాడు. నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయనది బంగారం పని. ఎవరైనా నగ తెస్తే ముందు వెనక్కి తిప్పి, అతుకు చూసి "ఇది ఫలానా వాడి చెయ్యి" అనేవాడు. "ముందువైపు అందరూ బాగానే చేస్తార్రా" అనేవాడు. వ్యాపారి ఇనుము, చెక్కడం, బంగారం పొదిగిన తీరు అన్నీ చూశాక, చివర్లో సంతకం చూశాడు. పుస్తకంలో అసలు సంతకాల ఫొటోల పక్కన పెట్టి, ఉలి ఎక్కడ లోతుగా దిగింది, గీత ఎటు వంగింది చూపించాడు. నాకే తేడా కనిపించింది. "కావాలంటే సర్టిఫికెట్ ఇచ్చే సంఘానికి పంపు. కానీ ఇది తర్వాతి వాళ్ల పని" అన్నాడు. ఆ సంఘం 1948 నుంచీ ఉంది. కత్తుల్నీ వాటి సామగ్రినీ నిపుణులు పరిశీలించి కాగితం ఇస్తారు.

రైల్లో వస్తూ ఒకటే ఆలోచన. చెప్పకపోతే ఏం పోతుంది? ఆవిడ ఆనందం ఆవిడకి ఉంటుందిగా! కానీ రేపు కొడుకు అమ్మకానికి పెడితే, నా మాట నమ్మి నలుగురిలో ఆవిడ మాట పోతుంది. చెప్పేశా. తొందరపడ్డానని క్షమాపణ కూడా అడిగా.

బామ్మగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగా నవ్వారు. "మా ఆయన దీన్ని ఎవరికీ చూపించేవాడు కాదు. అనుమానం ఉందేమో" అన్నారు. బిళ్లని కిటికీ వెలుతురులో పట్టుకుని, ఆ బియ్యపు గింజ ముఖాల వంక చూస్తూ అడిగారు. "మరైతే ఇది చేసినతని పేరేంటి?"

నా దగ్గర జవాబు లేదు. అంత పని వచ్చినవాడు తన పేరు పెట్టుకుని ఉంటే కొనేవాళ్లు లేకపోయారేమో.

పెట్టె మళ్లీ అల్మరాలోకి వెళ్లింది. అమ్మలేదు. మూత లోపల ఆవిడ ఓ చీటీ అంటించారు. చదివి చూశా. "సోతెన్ కాదు. పేరు తెలీదు. చాలా బాగా చేశాడు."