మనవడి కోసం డౌన్ ఊరికి

బ్రామ్లీ సౌత్ స్టేషన్ బయట 146 నంబరు బస్సు ఎక్కాను. గంటకొక్క బస్సు, తప్పిందంటే మళ్లీ గంట నిలబడాల్సిందే. హేస్, కెస్టన్ దాటాక దారి సన్నబడింది. ఎదురుగా కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. చెట్ల కొమ్మలు బస్సు అద్దాలను రాసుకుంటున్నాయి. ఇది ఇంకా లండన్ మహానగర పరిధే అంటే నమ్మబుద్ధి కాలేదు. చివరి స్టాపు చర్చి ముందు. అక్కడే బస్సు వెనుదిరుగుతుంది.

ఊరి పేరు డౌన్. ఐర్లండులోని డౌన్ కౌంటీతో ఉత్తరాలు తారుమారు కాకుండా పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఊరి పేరు చివర ‘ఇ’ అనే ఇంగ్లీషు అక్షరం చేర్చారు. ఊరి పేరే పెట్టుకున్న ఒక పెద్ద ఇంటికి మాత్రం పాత స్పెల్లింగే ఉండిపోయింది. 1842లో చార్లెస్ డార్విన్ కుటుంబంతో వచ్చి దిగిన ఇల్లు అది. 1882లో కన్నుమూసేదాకా నలభై ఏళ్లు ఆయన అక్కడే ఉన్నారు. బస్సు దిగినవాళ్లంతా ఆ ఇంటి వైపే నడిచారు. నేనూ నడిచాను. అయితే నేను వచ్చింది తాత కోసం కాదు, ఆ ఇంట్లో పెరిగిన మనవడి కోసం. పేరు బెర్నార్డ్ డార్విన్. గోల్ఫ్ ఆటను సాహిత్యం చేసిన మనిషి, ఆ ఆట చరిత్రను కళ్లారా చూసి కాగితం మీద పెట్టిన మనిషి.

నాకు గోల్ఫ్ ఆడటం రాదు. హైదరాబాదులో ఒక దినపత్రిక క్రీడా విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. గోల్ఫ్ వార్త అంటే మాకు ఆఖరి కాలమ్‌లో నాలుగు లైన్లు: ఎవరు గెలిచారు, ఎన్ని స్ట్రోకులు. రాసినవాళ్ల పేరు ఉండేది కాదు. ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో అట్ట ఊడిన ‘గోల్ఫ్ బిట్వీన్ టూ వార్స్’ దొరికింది. 1944లో అచ్చయిన పుస్తకం. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ సాగిన ఆట కథ. గోల్ఫ్ పదాలు సగం అర్థం కాలేదు, అయినా కింద పెట్టలేకపోయాను. ఓడిపోతున్న ఆటగాడి నడకలో వచ్చే మార్పును ఆయన పట్టుకున్న తీరు నన్ను కట్టేసింది. మర్నాడు ఆఫీసులో నేను రాసిన నాలుగు లైన్లు నాకే నచ్చలేదు.

బెర్నార్డ్ పుట్టింది 1876 సెప్టెంబరు 7న. నాలుగు రోజులకే తల్లి ఎమీ కన్నుమూసింది. తండ్రి ఫ్రాన్సిస్ పసివాణ్ని తీసుకుని తల్లిదండ్రుల ఇంటికి చేరాడు. అప్పటికి చార్లెస్‌కు 67 ఏళ్లు, నాన్నమ్మ ఎమ్మాకు 68. తమ పిల్లలంతా పెద్దవాళ్లయిపోయాక, సద్దుమణిగిన ఇంట్లోకి మళ్లీ ఉయ్యాల వచ్చింది. ఫ్రాన్సిస్ తండ్రికి సహాయకుడిగా మొక్కల ప్రయోగాలు చూసుకుంటుంటే, పిల్లాడు నాన్నమ్మ చేతుల మీద పెరిగాడు.

ఇంటి వెనక తోట దాటి వెళ్తే సాండ్‌వాక్ వస్తుంది. చార్లెస్ రోజూ నడుస్తూ ఆలోచించుకున్న కాలిబాట. ఒకవైపు పొలం, మరోవైపు చెట్లు. బాట మలుపులో ఆయన కొన్ని చెకుముకి రాళ్లు పేర్చుకునేవారట. ఒక చుట్టు పూర్తయితే కాలితో ఒక రాయిని పక్కకు తోసేవారు. ఆలోచనలో పడి ఎన్ని చుట్లయ్యాయో మర్చిపోకుండా అదొక లెక్క. ఈ నేలలో చెకుముకికి కొదవలేదు. నేను వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బయట సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, విరిగిన చోట నల్లగా, గాజులా నునుపు, అంచు కత్తిలా తగిలింది. మళ్లీ అక్కడే పెట్టేశాను.

తాత పోయేటప్పటికి బెర్నార్డ్‌కు ఐదేళ్లు. తాత పరిశీలనా శక్తి మనవడికి వచ్చిందని రాయడం తేలిక. చాలామంది రాశారు కూడా. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. బెర్నార్డ్ చూపు ఆయన సొంతం. గోల్ఫ్ మైదానంలో వేలసార్లు ఓడి, గెలిచి, మైళ్లకు మైళ్లు నడిచి సంపాదించుకున్నది.

ఆ నడక మొదలైన చోట్లలో ముఖ్యమైనది వేల్స్ పడమటి తీరంలోని అబెర్‌డోవీ. తల్లి వైపు బంధువులు రక్ కుటుంబం ఆ చుట్టుపక్కల ఉండేది. బెర్నార్డ్ మేనమామ కల్నల్ రక్ ఊళ్లో ఒకావిడ దగ్గర తొమ్మిది పూలకుండీలు అరువు తెచ్చి, సముద్రం పక్క పశువులు మేసే గడ్డినేలలో తొమ్మిది గుంటలు తవ్వి వాటిలో దించాడు. ఆ కుండీలే హోల్స్. అక్కడ అలా మొదలైన ఆట 1892లో క్లబ్బు అయింది. ఈ సంగతి మనకు తెలియడానికి కారణం బెర్నార్డ్ రాసిపెట్టడమే. క్లబ్బుల మినిట్స్ పుస్తకాల్లో తీర్మానాలుంటాయి, చందాల లెక్కలుంటాయి. అరువు తెచ్చిన పూలకుండీలు ఉండవు. ప్రపంచంలోని పెద్ద పెద్ద కోర్సులన్నీ చూశాక కూడా తనకు అన్నిటికన్నా ఇష్టమైనది అబెర్‌డోవీయేనని ఆయన దాచుకోకుండా చెప్పారు.

ఈటన్‌లో, కేంబ్రిడ్జ్‌లో చదువు. తర్వాత కొన్నాళ్లు లాయరు వృత్తి. అందులో మనసు నిలవలేదు. 1907లో ‘ది టైమ్స్’కు గోల్ఫ్ గురించి రాయడం మొదలుపెట్టి 1953 దాకా రాశారు. నలభై ఆరేళ్లు. ‘కంట్రీ లైఫ్’ పత్రికకూ దశాబ్దాలపాటు రాశారు. 1910లో వచ్చిన ‘ది గోల్ఫ్ కోర్సెస్ ఆఫ్ ది బ్రిటిష్ ఐల్స్’లో హ్యారీ రౌంట్రీ బొమ్మలు వేస్తే, ఆయన ఒక్కో కోర్సునూ ఒక్కో ఊరిని పరిచయం చేసినట్టు రాసుకుంటూ పోయారు: గాలి ఎటు నుంచి వీస్తుంది, ఏ ఇసుక గుంట దగ్గర ఆటగాడి ధైర్యం సడలుతుంది, రైలు దిగితే ఎంత దూరం. అంతకుముందు గోల్ఫ్ రాత చాలామటుకు ఫలితాలూ ఆట మెళకువలే. కోర్సుకు ఒక స్వభావం ఉంటుందని పాఠకుడికి అలవాటు చేసినవాళ్లలో ఆయన ముఖ్యులు.

1913 సెప్టెంబరు 20 గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

అమెరికాలో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్. అమెరికా ఓపెన్ ముగిసేసరికి ముగ్గురు సమానంగా నిలిచారు. ఇద్దరు బ్రిటిష్ దిగ్గజాలు, హ్యారీ వార్డన్, టెడ్ రే. మూడోవాడు ఫ్రాన్సిస్ విమెట్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు. డబ్బు కోసం ఆడేవాడు కాదు. చిన్నప్పుడు అదే క్లబ్బులో ఇతరుల సంచులు మోసిన కేడీ. వాళ్లిల్లు కోర్సుకు ఎదురుగానే, రోడ్డు దాటితే పదిహేడో హోల్. ఆ రోజు అతని సంచి మోసినవాడు పదేళ్ల ఎడ్డీ లోరీ. విజేతను తేల్చడానికి మర్నాడు మరో 18 హోల్స్ ఆడించారు. వాన. నేల చిత్తడి. అయినా వేలమంది జనం. విమెట్ స్కోరు రాసే బాధ్యత ఇంగ్లండు నుంచి వచ్చిన విలేకరికి అప్పగించారు. ఆ విలేకరి బెర్నార్డ్.

ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. తన దేశపు మేటి ఆటగాళ్లు ఒకవైపు, చేతిలో మాత్రం వాళ్ల ప్రత్యర్థి కార్డు, పెన్సిలు. గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోకులవాడిదే గెలుపు. సగం ఆట అయ్యేసరికి ముగ్గురికీ 38. పదో హోల్‌లో వార్డన్, రే ఇద్దరూ గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, మూడేసి సార్లు కొట్టాల్సి వచ్చింది. విమెట్ ఒక స్ట్రోకు ముందుకు వెళ్లాడు. తర్వాత ఆ ఆధిక్యం పోలేదు. పదహారు హోల్స్ అయ్యేసరికి వార్డన్ ఒక్క స్ట్రోకే వెనక. పదిహేడో హోల్‌లో మలుపును అడ్డంగా దాటించబోయిన వార్డన్ బంతి బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడింది. ఆయనకు 5. ఇంటి ఎదురు హోల్‌లో విమెట్‌కు 3. చివరికి విమెట్ 72, వార్డన్ 77, రే 78. గోల్ఫ్ అంటే స్కాట్లండు, ఇంగ్లండు అనుకున్న లోకంలో అమెరికా అడుగుపెట్టిన రోజు అది. ఆ 72లోని ఒక్కొక్క అంకెనూ తన చేత్తో వేసినవాడే దాని గురించి తన దేశ పాఠకులకు రాశాడు. తర్వాతి పుస్తకాల్లోనూ ఆయన ఆ రోజుకు మళ్లీ మళ్లీ వెళ్లారు. చరిత్రకారుడికి ఇంతకన్నా దగ్గరి చోటు ఏముంటుంది?

దూరం నుంచి చూసి రాసినవాడు కాదని ఇంకో సందర్భం కూడా చెబుతుంది. 1922లో అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో తొలి వాకర్ కప్. వార్తలు పంపడానికి బెర్నార్డ్ వెళ్లారు. బ్రిటన్ కెప్టెన్ రాబర్ట్ హారిస్ జబ్బుపడ్డారు. నలభై ఐదేళ్ల విలేకరిని బరిలోకి దింపి కెప్టెన్సీ అప్పజెప్పారు. జట్టు 8-4తో ఓడింది. బెర్నార్డ్ మాత్రం అమెరికా కెప్టెన్ విలియం ఫౌన్స్‌ను సింగిల్స్‌లో ఓడించారు. బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్‌లో ఆయన రెండుసార్లు, 1909లోనూ 1921లోనూ, సెమీఫైనల్ దాకా వెళ్లారు. ఆడేటప్పుడు కోపం ముక్కు మీద ఉండేదని అందరికీ తెలుసు. రాసేటప్పుడు ఆ కోపం జాడ ఉండదు. తప్పు కొట్టినవాడి బాధ ఆయనకు లోపలినుంచి తెలుసు.

డికెన్స్ నవలలు ఆయనకు కంఠోపాఠం. 1941లో వెలువడిన ‘ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఆఫ్ కొటేషన్స్’కు ముందుమాట ఆయనతోనే రాయించారు. భార్య ఎలినోర్ మాన్సెల్ ఐర్లండు చిత్రకారిణి. ఆమె బొమ్మలతో ఇద్దరూ కలిసి పిల్లల పుస్తకాలు తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్నార్డ్ మాసిడోనియాలో సైన్యంలో పనిచేశారు. 1952లో, డెబ్బై అయిదు దాటాక, జేమ్స్ బ్రెయిడ్ జీవితకథ రాశారు. వార్డన్, టేలర్, బ్రెయిడ్ అనే త్రయం 1894 నుంచి 1914 దాకా బ్రిటన్ ఓపెన్ ఛాంపియన్‌షిప్‌ను పదహారుసార్లు పంచుకుంది. ఆ ముగ్గురి ఆటనూ చూసి, ముగ్గురితోనూ మాట్లాడిన కలం అది.

ఇంతా చేస్తే ‘ది టైమ్స్’లో ఆ నలభై ఆరేళ్లూ ఆయన వార్తల మీద ఆయన పేరు పడలేదు. ‘మా గోల్ఫ్ ప్రతినిధి’, అంతే. అప్పట్లో ఆ పత్రిక పద్ధతి అది. పేరు పుస్తకాల అట్టల మీద చూసుకోవాల్సి వచ్చేది. అయినా పాఠకులకు తెలుసు. రెండో వాక్యానికల్లా ఎవరో పోల్చుకునేవారు. పేరు లేకుండా ఏళ్లపాటు రాసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. మా డెస్కులోనూ ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన కబడ్డీ వార్త రాస్తే ఫోర్‌మన్ కూడా గుర్తుపట్టేవాడు. నాకు బెర్నార్డ్ దగ్గరి మనిషిలా అనిపించడానికి అసలు కారణం ఇదే కావచ్చు.

1961 అక్టోబరు 18న బెర్నార్డ్ కన్నుమూశారు. 85 ఏళ్లు. ‘ది టైమ్స్’ తన విలేకరుల పేర్లు వేయడం మొదలుపెట్టింది 1967లో. ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 2005లో.

సాయంత్రం చర్చి దగ్గరికి తిరిగి వచ్చాను. గోడలు ఇవే చెకుముకి రాళ్లు. గోపురం మీద చార్లెస్ జ్ఞాపకార్థం పెట్టిన నీడగడియారం, దాని మీద అప్పుడు ఎండ లేదు. ఆవరణలో ముసలి యూ చెట్టు. బెర్నార్డ్‌నూ, ఆయనకన్నా ముందే 1954లో పోయిన ఎలినోర్‌నూ ఇక్కడే ఖననం చేశారు. నాన్నమ్మ ఎమ్మా సమాధీ ఈ ఆవరణలోనిదే. తాత మాత్రం ఇక్కడ లేరు. ఈ మట్టిలోనే పడుకుంటానని ఆయన అనుకున్నారు, ఊరి వడ్రంగి శవపేటిక కూడా చేశాడు. చివరికి లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేకి తీసుకెళ్లారు.

ఆ సంగతి తెలియక చాలామంది ఇక్కడ వెతుకుతుంటారు. ఉదయం నాతో బస్సు దిగిన ఒక పెద్దాయన రాళ్ల మీద పేర్లు చదువుకుంటూ తిరుగుతున్నారు. “డార్విన్ సమాధి ఎక్కడో తెలుసా మీకు?” అని అడిగారు.

“చార్లెస్‌ది ఇక్కడ లేదండి. మనవడిది ఉంది,” అన్నాను.

“మనవడా? ఆయనేం చేసేవారు?”

బస్సుకు ఇంకా పాతిక నిమిషాలుంది. గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాం. పూలకుండీలతో మొదలుపెట్టాను. ఆయన మధ్యలో నవ్వారు, కుండీలు తిరిగి ఇచ్చేశారా అని అడిగారు. బస్సు దీపాలు మలుపులో కనబడేసరికి మేం బ్రూక్‌లైన్‌లో, వానలో, పదిహేడో హోల్ దగ్గర ఉన్నాం.