వినకుండా పిలిచేవారు

అమెచ్యూర్ రేడియోలో, అంటే జీతం కోసం కాక ఇష్టం కొద్దీ లైసెన్సు పొంది నడిపే హ్యామ్ రేడియోలో, ముందు విని తరువాత పిలవాలన్న మర్యాద ఎంతో పాతది. డిజిటల్ పద్ధతులు వచ్చాక అది ఇంత చులకన కావడం ఏ విధంగానూ క్షమించదగినది కాదు. ఈ రంగంలో ఒక కేంద్రం అరుదైనదని అనిపించుకోవడానికి దూరం ఒక్కటే చాలదు, అక్కడ రేడియో నడిపేవారు కూడా కరవై ఉండాలి. దక్షిణ అట్లాంటిక్‌లో నార్వే ఏలుబడిలోని బూవే దీవిలో జనావాసమే లేదు కనుక, ఎవరో ఓడ ఎక్కి వెళ్లి, ఆ మంచు నేల మీద ఏంటెనా నిలబెడితే తప్ప అక్కడి నుంచి పిలుపు వినిపించదు. వినిపించిన రోజున ప్రపంచమంతా ఒక్కసారిగా ఎగబడుతుంది.

ఈ రద్దీలో నేడు ఎక్కువగా వినియోగంలో ఉన్న ఎఫ్‌టీ8 అనే పద్ధతిని జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే 2017లో రూపొందించారు. ఇందులో నిమిషాన్ని 15 సెకన్ల చొప్పున నాలుగు వంతులుగా విభజించి, ఒక వంతులో ఒకరు ప్రసారం చేస్తే మరుసటి వంతులో రెండవవారు బదులిస్తారు. ప్రతి సందేశమూ ఎనిమిది స్వరాలతో, సుమారు 50 హెర్ట్జ్ వెడల్పులో ఇమిడిపోతుంది. 2500 హెర్ట్జ్ వెడల్పులో కొలిచిన రొదలో నూరో వంతు శక్తి మాత్రమే ఉన్న సంకేతాన్ని సైతం కంప్యూటర్ పసిగట్టగలదు. జంట పల్సర్‌ను కనుగొన్నందుకు 1993లో నోబెల్ బహుమతి పంచుకున్న టేలర్, నక్షత్రాల క్షీణ స్పందనలను ఓపికగా వినడంలో ఆరితేరినవాడు. అటువంటివాడు అందించిన సాధనంతోనే జనం వినడం మానుకున్నారు. కంప్యూటర్లే కంప్యూటర్లతో మాట్లాడుకుంటున్నాయన్న పాతతరంవారి ఎత్తిపొడుపులో పస లేదు, ఏంటెనాను, వేళను, అయనావరణపు తీరును ఎంచుకోవలసింది ఇప్పటికీ మనిషే.

అసలు అపరాధం మరొకటి ఉంది. దూరపు కేంద్రం ఏ వంతులో ప్రసారం చేస్తున్నదో ఆ వంతులోనే దాన్ని పిలవడం చెవిటివాని ముందు శంఖం ఊదడమే, ఎందుకంటే ప్రసారం చేస్తున్న కేంద్రం అదే క్షణంలో వినలేదు. అయినా తెరపై దాని సంకేతం ఒక్కసారైనా కనబడకుండానే, ఎవరో చెప్పిన కబురు పట్టుకుని గంటల తరబడి పిలిచేవారున్నారు. ఈ గందరగోళాన్ని తగ్గించడానికే 2018లో నక్క, వేటకుక్క అనే ఏర్పాటు వచ్చింది. అందులో నక్క పాత్రలోని అరుదైన కేంద్రం ఒకేసారి ఐదుగురికి బదులివ్వగలదు. వేటకుక్కలు మాత్రం 1000 హెర్ట్జ్‌కు పైన మొదటి పిలుపు ఇవ్వాలి, నక్క బదులిచ్చాక సాఫ్ట్‌వేరే వారిని కిందకు దింపుతుంది. ఇంత సులువైన నియమాన్ని కూడా చదవకుండా కిందనే కూర్చుని పిలిచేవారిని నక్క పట్టించుకోదు, పట్టించుకోనక్కరలేదు కూడా.

వినడానికి ఎంత విలువ ఉందో చూపే ఉదంతం ఒకటుంది. ఎఫ్‌టీ8 పుట్టక ముందు, 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్ చేరి, హ్యామ్‌లకు ఎంతోకాలంగా అందని అండమాన్ నుంచి పిలుపులు అందుకుంది. డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి మామూలు సమాచార మార్గాలు తెగిపోవడంతో, ఆ బృందం ఆ పిలుపులను పక్కనపెట్టి, దీవుల్లో చిక్కుకున్నవారి క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగంలోని బంధువులకు చేరవేసే పనికి అవే యంత్రాలను మళ్లించింది.