తాడు లేని టోపీ

మా పెద్దమ్మ కోడలు కళ్ళ పరీక్షలు చేస్తుంది. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలుస్తుంది కదా, అక్కణ్ణించి ఉత్తరంగా పోతే వరసపెట్టి జాలరి పల్లెలు. వాటిలో నెలకో చోట శిబిరం పెడతారు. "వేట బందులో రా. మగాళ్ళందరూ ఒడ్డునే ఉంటారు. నీకో తాతని చూపించాలి" అని వదిన రెండేళ్ళుగా పిలుస్తోంది. మొన్న మే నెలలో వెళ్ళాను.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, ఇంజను పడవలకి వేట నిషేధం. ఫైబర్ పడవలన్నీ ఇసకమీదికెక్కి ఉన్నాయి. ఒక్కో పడవ నీడలో ఇద్దరో ముగ్గురో కూచుని వలలు బాగుచేసుకుంటున్నారు. పదిన్నరకి ఆ నీడ మూరెడుంది. పదకొండున్నరకి జానెడైంది. జరిగి జరిగి పడవకి వీపులు అతికించుకున్నారు. ఒడ్డునే ఇలా ఉంటే, ఇదే పడవలో నడిసముద్రం మీద రెండేసి రోజులుంటారే, అప్పుడెక్కడ కూచుంటారు? పడవలోకి ఎక్కి చూశాను. ఇంజను, ఐసు పెట్టె, వలలు, లంగరు, తాళ్ళు, నీళ్ళ డ్రమ్ము. మనిషి తల దాచుకునే చోటు మాత్రం లేదు.

వదిన చార్టు గోడకి తగిలించుకునేలోపు నేను తాత పాకలో చేరాను. సాయంత్రం దాకా అక్కణ్ణించి పెద్దగా కదల్లేదు.

తాతకి డెబ్బై దాటాయి. తాటాకు టోపీలు అల్లుతాడు. కోసుగా లేచి, కిందికొచ్చేసరికి చెవులూ మెడా కప్పేసేంత వెడల్పుగా ఉంటాయవి. మొవ్వాకు నీడలో ఆరబెట్టి, రాత్రి నీళ్ళు చిలకరించి గోనె కప్పి ఉంచుతాడు. పొద్దున్న ఈనె తీసి, చిటికెన వేలి వెడల్పున చీలుస్తాడు. అల్లిక కొసనుంచి మొదలు. బద్ద మీద బద్ద వేసి తిప్పుకుంటూ కిందికొస్తాడు. ఒక్కో వరస కాగానే బొటనవేలి గోటితో పైకి నెట్టి బిగిస్తాడు. ఆ గోరు తక్కిన గోళ్ళకన్నా మందంగా, పసుప్పచ్చగా, ఒక పక్కకి అరిగి ఉంది. అంచుకి వెదురుబద్ద వంచి తాటినారతో కుడతాడు. ఇంత పనిలోనూ చూపు ఎక్కడో ఉంటుంది. చూడ్డం లేదు. చూడలేడు. ఎడమ కంట్లో శుక్లం. కుడి కంట్లో ముక్కు వైపునుంచి ఎర్రటి కండ రెక్కలా పెరిగి, నల్లగుడ్డు మీదికి పాకింది.

టోపీ పూర్తవగానే మనవరాలిని పిలిచాడు. ఆ పిల్ల దాన్ని సూర్యుడికెదురుగా ఎత్తి, లోపలికి తల పెట్టి చూసింది.

"ఎలుగు కనపడతన్నాదేటే?"

"ఇక్కడ చిన్నది, తాతా."

వేలితో తడిమి ఆ సందు పట్టుకున్నాడు. రెండు బద్దలు విప్పి మళ్ళీ వేశాడు.

బట్టలు ఎండని ఎంత ఆపుతాయో ప్రయోగశాలల్లో కొలిచే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. ఇటునుంచి కిరణాలు పంపి అటు ఎన్ని దిగాయో చూస్తారు. దాని కొలతని యూపీఎఫ్ అంటారు. 50 అని రాసుంటే యాభైలో ఒక వంతే లోపలికి దిగుతోందని అర్థం. పల్చటి తెల్ల నూలు బనీనుకి ఆ కొలత ఐదో ఆరో. తడిస్తే ఇంకా తగ్గుతుంది. సముద్రం మీద బనీను ఆరేదెప్పుడు? మందంగా, దగ్గరగా నేసిన ముదురురంగు చొక్కా నిండు చేతులతో వేసుకుంటే దానికన్నా ఎన్నో రెట్లు నయం. అల్లిక బిగువే అసలు కీలకం. ఆ సంగతి తాత గోటికి తెలుసు.

ఆయన మెడ వెనక్కి తిరిగినప్పుడు చూశాను. చర్మం మందంగా, గళ్ళు గళ్ళుగా ఉంది, వల కప్పి తీసినట్టు. చేతులు ఎత్తినప్పుడు చంకల దగ్గర చర్మం మాత్రం నున్నగా, పిల్లవాడి చర్మంలా ఉంది. డెబ్బై ఏళ్ళు రెండింటికీ ఒకటే కదా. తేడా అంతా ఎండది. జర్మనీలో పౌల్ ఉన్నా అనే చర్మవైద్యుడు 1894లో ఓడల్లో పనిచేసేవాళ్ళ ముఖాలూ చేతులూ చూసి దీనికి నావికుల చర్మం అని పేరు పెట్టాడు. వాళ్ళ తెల్ల చర్మం మీద అది పుండ్లుగా, కేన్సర్‌గా మారడం గమనించాడు. మన నల్ల చర్మానికి ఆ భయం చాలా తక్కువ. అందులోని మెలనిన్ గొడుగులా అడ్డుపడుతుంది. "నల్ల తోలుకి ఎండేటి సేస్తాదమ్మా" అని అక్కడ నాతో కనీసం నలుగురన్నారు. అది సగం నిజమే. మిగతా సగం వాళ్ళ కళ్ళల్లో, కింది పెదవి మీద కనిపిస్తోంది. తాత కింది పెదవి అంచు చెరిగిపోయింది. పెదవి ఎక్కడ ఆగి చర్మం ఎక్కడ మొదలైందో తెలీకుండా తెల్లబారి, పొట్టు లేచి ఉంది. అలాంటి పెదవి మీద పుండు పడి మూడు వారాలకీ మానకపోతే డాక్టరుకి చూపించి తీరాలి. మన దగ్గర పుండు అనగానే నెపం చుట్ట మీదికి తోసేసి ఊరుకుంటారు. చుట్టదీ తప్పే. ఎండని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇక కళ్ళు. కండ దాదాపు ఎప్పుడూ ముక్కు వైపునుంచే ఎందుకు పెరుగుతుందని వదినని అడిగాను. ఆమె చెప్పింది విన్నాక ఇక ఎవరి కళ్ళు చూసినా అదే గుర్తొస్తోంది. చెవి వైపునుంచి, పక్కవాటుగా వచ్చే వెలుగుని నల్లగుడ్డు భూతద్దంలా పట్టి అవతలి పక్క, అంటే ముక్కు వైపు అంచు మీద గుచ్చుతుంది. కాయితం మీద భూతద్దం పెట్టి పొగ తెప్పించే ఆట మనమంతా ఆడాం. అదే ఆట కంట్లో నలభై ఏళ్ళు జరిగితే ఆ అంచున కండ లేస్తుంది. అందుకే ముందుకి మాత్రమే అడ్డుండే కళ్ళద్దాలు చాలవు. కణతల దాకా చుట్టుకునేవి కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొడి ఇసక అతినీలలోహిత కిరణాల్ని 15 శాతం దాకా, సముద్రపు నురుగు 25 శాతం దాకా తిప్పికొడతాయి. అవి కిందినుంచి, పక్కలనుంచి వస్తాయి. పైగా గాలి చల్లగా ఉంటుంది కనక ఒంటికి తెలీదు. వేడి తెలిసినట్టు ఈ కిరణాలు తెలీవు.

అమెరికాలో చెసపీక్ అఖాతం మీద పీతలూ ఆల్చిప్పలూ పట్టి బతికే 838 మందిని హ్యూ టేలర్ బృందం పరీక్షించి 1988లో ఫలితం ప్రకటించింది. జీవితమంతా కళ్ళకి ఎంత ఎక్కువ ఎండ తగిలితే ఒక రకం శుక్లాలు అంత ఎక్కువ. ఆరుబయట పనిచేసేవాళ్ళలో కంటి కండ ఎక్కువని మన ఆంధ్రప్రదేశ్‌లో 1996–2000 మధ్య జరిగిన నేత్రవ్యాధుల అధ్యయనంలోనూ తేలింది. అంటే ఇది కొత్త సంగతేం కాదు, ఏళ్ళుగా మన చేతిలోనే ఉంది.

మా మేనమామకి ఈ కండ ఆపరేషన్ చేసి తీసేశారు. వారం ఇంట్లో ఉండి మళ్ళీ పడవెక్కాడు. కళ్ళద్దాలు పెట్టుకో, టోపీ పెట్టుకో అని ఆ ఆసుపత్రిలో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఏడాదికల్లా కండ మళ్ళీ లేచింది, మొదటిదానికన్నా దట్టంగా. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

తాత ఈ టోపీలు చిన్నప్పటినుంచీ అల్లుతున్నాడా అని అడిగాను. "మా అయ్య అల్లీవోడు. తెప్పల మీదికి ఎల్లినోలందరికీ ఇదే. అప్పుడు ఎండ అంత ఉండీది కాదమ్మా" అన్నాడు.

ఎండ అప్పుడూ ఇంతే. ఆ మాట పట్టుకుని చాలాసేపు అడిగాక తెలిసింది, ఎండ మారలేదు, వేట మారింది. తెప్ప మీద వెళ్ళేవాళ్ళు కోడి కూయకముందే అలలు దాటేసేవారు. పొద్దెక్కేసరికి, తొమ్మిదికో పదికో, ఒడ్డుకి చేరేవారు. వచ్చేటప్పుడు తెరచాప ఎత్తితే దాని నీడ తెప్ప మీద పడేది. ఇంజను వచ్చాక తెరచాప పోయింది. చేప దూరం పోయింది. కొమ్ముకోనాం కోసం, టూనా కోసం రెండు మూడు రోజుల దూరం వెళ్ళాల్సొస్తోంది. పట్టపగలు పన్నెండింటికి గేలాల తాడు చేతబట్టుకుని కూచోవాలి. ఇంజనుతో పాటు ఒక నీడ పోయిందని, దాని చోట ఇంకో నీడ పెట్టాలని పడవ అచ్చులు పోసినవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. నాలుగు కర్రలు పాతి టార్పాలిన్ కడితే గాలి పట్టి పడవ ఊగుతుందని, వల లాగడానికి అడ్డమని కుర్రాళ్ళు చెప్పారు. నిజమే. వల లాగేటప్పుడు మడిచేసుకుని, ఊరికే కూచునేటప్పుడు విప్పుకునే కప్పు చెయ్యడం మాత్రం అంత కష్టమా? ఆలోచించినవాడు లేక గానీ.

ఈ కోసు టోపీ చరిత్ర చిన్నదేం కాదు. నూటయాభై, రెండువందల ఏళ్ళ కిందట మద్రాసుకి రేవు లేనప్పుడు ఓడలు దూరాన ఆగేవి. కట్టుమరం మనుషులు అలల్లో మునుగుతూ, తేలుతూ వెళ్ళి ఓడలకి ఉత్తరాలు అందించేవారు. తడవకుండా ఆ ఉత్తరాలు దాచింది తలమీది కోసు టోపీలోనే. పూరీ తీరంలో మునిగిపోయేవాళ్ళని కాపాడే నోలియాలు మన తెలుగు జాలర్లే. వాళ్ళ నెత్తిన తెల్లటి కోసు టోపీ ఇప్పటికీ ఉంది. ఇక్కడ మాత్రం కుర్రాళ్ళంతా క్రికెట్ టోపీలు పెట్టుకున్నారు. అది నుదుటికి నీడ. చెవులూ, మెడ వెనకా, చెంపలూ ఎండకే. కణతల పక్కనుంచి వచ్చే వెలుగుకి అసలు అడ్డే లేదు.

"మరి ఇవి ఎవరు కొంటున్నారు తాతా?"

"రిసార్టోలు. నెలకి పది, పన్నెండు అట్టుకెల్తారు. గోడలకి ఎడతారట."

గోడలకి! ఎలుగు సందు ఒకటి కనపడిందని విప్పి మళ్ళీ అల్లినది గోడకి! ఆ గోడకి ఎండ తగలదు. ఆ టోపీ అల్లినాయన రెండు కళ్ళూ పోగొట్టుకుంటున్నాడు.

బయట ఇసక మీద ఆడవాళ్ళు కవ్వళ్ళు ఆరబెడుతున్నారు. ఇంజను లేని తెప్పలకి నిషేధం లేదు కనక చిన్న చేప వస్తూనే ఉంది. ఒకావిడ వంగి చేపల్ని తిరగేస్తూ పక్కావిడతో అంటోంది: "మగోలకి బందన్నా ఉన్నాది. మనకేటున్నాది? సేపలతోపాటు మనమూ ఎండిపోడవే." ఆ మాట నా కోసం అన్నది కాదు. తలకి చీరకొంగు తప్ప ఏమీ లేదు. పదినుంచి మూడు దాకా, మన నీడ మనకన్నా పొట్టిగా పడే ఆ గంటల్లోనే ఎండ కిరణాల ఉధృతి. చేప ఆరాలంటే ఆ గంటలే కావాలి. కాబట్టి "మధ్యాహ్నం ఎండలోకి వెళ్ళకండి" అన్న సలహా వీళ్ళకి పనికిరాదు. వదిన శిబిరంలోనూ ఆ సలహా అచ్చేసిన కాయితాలు పంచారు. క్రీములు రాసుకోమని కూడా ఉంది అందులో. ముఖానికీ మెడకీ రెండు చేతులకీ సరిగ్గా పట్టించాలంటే మూడు చెంచాలు కావాలి. రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. 50 గ్రాముల ట్యూబు ఒక్కరోజుకి చాలదు. ఉప్పునీళ్ళలో అది నిలిచేదీ అంతంతే. పట్నంలో దుకాణాలవాళ్ళు దాన్ని రంగు తేలే క్రీముగా అమ్ముకున్నారు కనక మగాళ్ళు దాన్ని ముట్టుకోరు, పెళ్ళికూతుళ్ళ వ్యవహారం అనుకుంటారు. ముక్కుమీదా పెదవులమీదా జింక్ ఆక్సైడ్ ఉన్నది కొంచెం రాసుకుంటే చాలు, మిగిలిందంతా గుడ్డ, ఆకు చూసుకుంటాయి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్, జ్వరాలకి ఇచ్చే డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు వేసుకుంటే ఎండ మామూలుకన్నా ఎక్కువ కాలుస్తుంది. ఆ పల్లెలో బీపీ మాత్రల సంచి లేని ఇల్లు నాకు కనపడలేదు. మాత్ర మానకూడదు, కానీ వేటకి వెళ్ళే మనిషికి ఇస్తున్నామని తెలిసినప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పాలి కదా.

వేట లేని రోజులకి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నారు. పడవకి ట్రాన్స్‌పాండర్ బిగిస్తున్నారు. వలలకీ ఇంజన్లకీ రాయితీలున్నాయి. ఇవన్నీ కావలసినవే. వల ఎంత సరంజామానో నీడా అంత సరంజామా అని ఆ జాబితా రాసేవాళ్ళు ఒప్పుకోవాలి. పడవకి మడిచే కప్పు, మనిషికి నిండు చేతుల చొక్కా, కణతల దాకా మూసే కళ్ళద్దాలు, వెడల్పు అంచు టోపీ. చేపలారబెట్టే ఆడమనిషికీ ఇవన్నీ, ఆమె పేరు మీదే. శుక్లం ఆపరేషన్ ఉచితంగా చేస్తున్నాం అని బోర్డు కట్టేముందు, ఆ శుక్లం రాకుండా ఆపగలిగిన నీడ ఎక్కడ పోయిందో అడగాలి. తాత అల్లే టోపీ గాలికి నిలుస్తుంది, చవక, ఎండని దిగనివ్వదు. పక్కవాటు వెలుగుని మాత్రం అది పూర్తిగా ఆపలేదు, కళ్ళద్దాలు తోడుండాలి. ఆ రెండూ కలిపి ఇచ్చే పథకానికి ఆయనకన్నా తెలిసిన మేస్త్రీ ఈ తీరంలో దొరకడు. నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. మనవరాలు ఎలుగు చూస్తుంది గానీ అల్లిక పట్టలేదు.

వదిన వచ్చి తాత పేరు ఎడమ కంటి ఆపరేషన్ జాబితాలో రాసుకుంది. నేను రెండు టోపీలు కావాలన్నాను, ఒకటి మా మేనమామకి. తాత మొవ్వాకు బద్ద ఒకటి తీసి నా తల చుట్టూ తిప్పి, కలిసినచోట గోటితో నొక్కి గుర్తు పెట్టుకున్నాడు. మేనమామ తలకాయ నాకన్నా పెద్దదా చిన్నదా అని అడిగాడు. తర్వాత కాసేపాగి,

"దీనికి గెడ్డం కింద తాడు ఎయ్యాలా, ఒద్దా? రిసార్టోలకి ఎయ్యను" అన్నాడు.

"వెయ్యి తాతా. రెండింటికీ."

తాటినార కట్ట దగ్గరికి లాక్కుని, రెండు పోగులు తీసి, తొడ మీద పెట్టి పేనడం మొదలెట్టాడు.