నాలుగు చోట్ల ఒకే కోడు

రిజిస్టర్ అంటే మన హాస్టల్ వాళ్లకు వార్డెన్ గారి టేబుల్ మీది హాజరు పుస్తకమే గుర్తొస్తుంది. మేం చెప్పబోయేవి కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డులోని రిజిస్టర్లు. అవీ గడులే. ఏ గడిలో ఏ అంకె వేస్తే కార్డు ఆ పని చేస్తుంది. ఆ అంకెలు వేసే ప్రోగ్రామే డ్రైవర్.

ఇంజనీరింగ్ చివరి ఏడాది మా ఇద్దరి ప్రాజెక్టు అదే. ల్యాబ్ మూలన పడివున్న పాత కంప్యూటరు, అందులో రియల్‌టెక్ 8139 కార్డు. లైనక్స్‌లో దానికి డ్రైవర్ ఎప్పటినుంచో ఉంది. అయినా అది చూడకుండా మా చేత్తో రాయాలని పంతం.

ఈ కార్డు ప్యాకెట్లు పంపడానికి నాలుగు జతల గడులున్నాయి. ఒక గడిలో ప్యాకెట్ మెమరీలో ఎక్కడుందో వేయాలి, రెండో దాంట్లో దాని పొడవు. పొడవు గడుల నంబర్లు హెక్సా లెక్కలో 10, 14, 18, 1సి. మేం మొదటి జతకు రాసిన కోడునే మూడుసార్లు కాపీ చేసి నంబర్లు మార్చాం. రెండు ప్యాకెట్లు వెళ్లేవి, మూడోది ఆగిపోయేది! కేబుల్ మార్చాం. కార్డు ఊడదీసి తుడిచాం. రివ్యూ ఇంకా వారమే ఉంది.

అంతలో 2024 ఫిబ్రవరి 21న మేడారం జాతర మొదలైంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా అయిన ఆ అడవి పక్కనే మా ఊళ్లు. పోకుంటే ఇంట్లో ఊరుకోరు. కోడు ప్రింటు తీసి సంచిలో పెట్టుకుని పోయాం. ఆ జనంలో ఫోన్లు పలకలేదు. ముందురోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చింది. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే వేళకు అందరూ ఎదురుచూస్తుంటే, మేం జంపన్నవాగు ఒడ్డున కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. "ఏం బిడ్డా, పరీక్షలా?" అంది పెద్దమ్మ. ఒక రకంగా అంతే!

కార్డుకూ వరుస ఉంది. తన వంతు గడి నిండేదాకా తర్వాతి దాన్ని ముట్టదు. మా మూడో ముక్కలో 18 ఉండాల్సిన చోట 14 అలాగే ఉంది. అది మార్చడం మరిచాం. రోజుల తరబడి స్క్రీన్ మీద కనబడనిది పెన్సిల్ గీత కింద కనబడింది.

ఒక్క నంబరు దిద్దితే సరిపోయేది. కానీ తిరిగొచ్చాక నాలుగు ముక్కలూ తీసేసి ఒక్కటే రాశాం: 10కి వరుస నంబరును నాలుగుతో హెచ్చించి కలపడం. లైనక్స్ డ్రైవర్ తర్వాత తెరిచి చూస్తే అందులోనూ ఇదే లెక్క! ఎగిరి గంతేశాం.

ఆ ఊపులో ఇంకొకటి చుట్టేయబోయాం. కార్డు చిరునామా ఆరు బైట్లు. ఒక్కో బైటు వేసే లూప్ రాశాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ చిరునామా మారలేదు. ఆ గడులను బైటు బైటుగా చదవచ్చు గానీ రాయడం మాత్రం నాలుగేసి బైట్లుగానే చేయాలని కార్డు కాగితాల్లో ఉంది. మేం ఆ పేజీ చదవలేదు. లూప్ తీసేసి మళ్లీ రెండు లైన్లు విడివిడిగా రాశాం.

వాటి పైన "దీన్ని లూప్ చేయొద్దు" అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కామెంట్ పెట్టాం. జూనియర్లు అది చూసి ఇప్పటికీ నవ్వుతున్నారట.