సరమ శాపం, ధర్మరాజు శునకం: మందసలో ఒక రాత్రి నడక

శ్రీ వాసుదేవ పెరుమాళ్ పాదపద్మములకు ప్రణమిల్లి, సాధక మిత్రులతో ఒక స్వానుభవాన్ని పంచుకొంటున్నాను. ఇందులో మహిమలు లేవు, దర్శనాలు లేవు. ఒక శునకం ఉన్నది, ఒక భయం ఉన్నది, నేను చేసిన ఒక అపరాధమున్నది.

గత మార్గశిర మాసంలో మా మేనకోడలు స్కాట్లాండు దేశపు ఎడింబరో నగరం నుండి సెలవులకు మందస వచ్చింది. అక్కడ ఆమె చదువుకుంటున్నది. ఒక సాయంకాలం అరుగుమీద కూర్చుని, ఆ నగరంలో రాత్రివేళ జరిగే ‘దయ్యాల నడక’లను గురించి చెప్పింది. నల్లని అంగీ ధరించిన మార్గదర్శకుడు ముందు నడుస్తాడట. రుసుము చెల్లించినవారు వెనుక నడుస్తారట. పాత వీధులు, నేలమాళిగలు, గ్రేఫ్రయర్స్ అనే ప్రాచీన శ్మశానవాటిక చూపి, మరణించినవారి కథలు చెబుతాడట. ఆమె వెళ్లిన రాత్రి ఒకరు తమ కుక్కను కూడ తెచ్చారట. “మావయ్యా, మార్గదర్శకుణ్ణి ఎవరూ చూడలేదు. అందరూ కుక్కనే చూశారు. అది ఎక్కడ ఆగితే అక్కడ మా గుండెలు ఆగాయి” అని నవ్వింది.

ఆ శ్మశానవాటికకే సంబంధించిన మరొక కథ కూడ ఆమె చెప్పింది. బాబీ అనే చిన్న శునకం యజమాని మరణించిన పిమ్మట పద్నాలుగేండ్లు ఆ సమాధిని విడువక అక్కడే ఉండి, 1872లో దేహం చాలించిందని ఆ నగరవాసులు చెప్పుకొంటారు. దానికి విగ్రహం కూడ ఉన్నది. దయ్యాలను చూడబోయిన జనం ఆ కుక్క విగ్రహాన్ని తాకి తిరిగివస్తారట. ఈ సంగతి నా మనస్సులో నిలిచిపోయింది.

“మన మందసలో కూడ అలాంటి నడక చేద్దాం మావయ్యా! కోట ఉన్నది, చింతచెట్లున్నవి, నీకు కథలు వచ్చు” అని ఆమె పట్టుపట్టింది. ఇంటి పిల్లలు నలుగురూ సిద్ధమయ్యారు. నేను అంగీకరించాను గాని మనస్సులో ఒక నియమం పెట్టుకొన్నాను: ఊరి దక్షిణపు త్రోవలోకి మాత్రం వెళ్లరాదు. అందుకు కారణం తరువాత విన్నవిస్తాను.

మేము బయలుదేరేసరికి వీధిమలుపులో పడుకొన్న నల్లకుక్క లేచి వెంట నడిచింది. దాని పేరు మోతీ. ఇప్పుడు అది ఊరందరిది. ఒకప్పుడు నా బాల్యమిత్రుని ఇంటిది. పిల్లలు దానిని అదిలించబోతే మేనకోడలు వారించింది. “రానివ్వండి. అక్కడ కూడ కుక్క ఉన్నది కదా!”

కళింగ వాస్తురీతిలో వెలసిన వాసుదేవ పెరుమాళ్ ఆలయం వద్ద నమస్కరించి నడక మొదలుపెట్టాము. కోట సమీపంలో పిల్లలు రాజుల దయ్యాలను గురించి అడిగారు. నేను వారికి ప్రేతకథకు మారుగా ప్రేతులైనవారి కథ చెప్పాను. 1940లో ఈ జమీందారీ రైతులు అడవిలో కట్టెలు కొట్టుకొనే హక్కుకోసం ఎదురునిలిచారు. ఆ సంవత్సరం మార్చి నెలలోనే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1వ తేదీన, గుడారి రాజమణిపురంలో రైతులను నిర్బంధించ వచ్చిన పోలీసులకు గున్నమ్మ అనే స్త్రీ అడ్డునిలిచింది. కాల్పులలో ఆమెతో కలిపి ఐదుగురు నేలకొరిగారు. వీరగున్నమ్మ అని ఈ సీమ ఆమెను నేటికీ స్మరిస్తున్నది. “ఆమె దయ్యమైందా మావయ్యా?” అని చిన్నవాడు అడిగాడు. “దైవమైంది నాయనా” అన్నాను. అనిన పిదప నాకే తోచింది: మన భాషలో దయ్యమనే మాట దైవశబ్దానికి తద్భవమే. పూర్వకవులు దయ్యమంటే దేవుడనే అర్థంలోనే వాడినారు. అదే మాట కాలక్రమాన భయవాచకమైంది.

భూతశబ్దం కూడ ఇట్టిదే. భూతమంటే ‘అయినది’. వ్యాకరణంలో గడచిన కాలాన్ని భూతకాలమంటాము. ప్రేతమంటే ‘ముందుకు వెళ్లినది’. ఈ పదాలలో కోరలు లేవు, విరబోసిన జుట్టు లేదు. అయిపోయినది ఒకటి, వెళ్లిపోయినది ఒకటి. మరి భయం ఎక్కడినుండి వచ్చింది?

కోట దాటిన తరువాత మోతీ తనంతట తానే దక్షిణపు త్రోవ పట్టింది. పిల్లలు ఉత్సాహంగా దాని వెంట నడిచారు. “అటు వద్దు” అన్నాను. నా కంఠస్వరం నాకే వింతగా వినిపించింది. మేనకోడలు నా ముఖం చూచి ఏమనుకొన్నదో గాని, “కుక్క ఉన్నది కదా మావయ్యా” అని నా చేయి పట్టుకొన్నది.

ఆ త్రోవ జీడితోటల నడుమ సాగి శ్మశానానికి చేరుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు కూలిన కొబ్బరిచెట్ల మొద్దులు అక్కడక్కడ ఇంకా కనబడతాయి. ఉద్దానమంటే ఒకప్పుడు ఉద్యానమే. నేడు ఆ పేరు వినగానే లోకానికి మూత్రపిండ వ్యాధి గుర్తుకువస్తుంది. కవిటి నుండి మందస వరకు ఆ వ్యాధి తాకని పల్లె అరుదు. నా మిత్రుడు కూడ దానికే బలియైనాడు.

ఇప్పుడు నా అపరాధం చెబుతాను. అతడు రక్తశుద్ధి చికిత్స కోసం విశాఖకు తిరుగుతున్న రోజులలో నేను హైదరాబాదులో వేదాంత పాఠాలు చెప్పుకొంటున్నాను. అతడు రెండుసార్లు ఫోను చేసి, “ఒకసారి వచ్చి కనబడు” అన్నాడు. ధనం అడగలేదు, వైద్యం అడగలేదు, కేవలం కనబడమన్నాడు. ఉపన్యాసాలున్నవని, పండుగ వెళ్లనిమ్మని వాయిదా వేశాను. సత్యం చెప్పవలెనంటే, క్షీణించిన అతని దేహాన్ని చూడలేనని భయపడ్డాను. దేహం అనిత్యమని వందలమందికి బోధించిన నోటితోనే ఫోనులో సాకులు చెప్పాను. అతడు వెళ్లిపోయిన పిదప కూడ రాలేదు. ఆనాటి నుండి మందస వచ్చినప్పుడల్లా ఆ త్రోవను తప్పించుకొని తిరుగుతున్నాను.

చింతచెట్టు దగ్గర మోతీ హఠాత్తుగా నిలిచింది. చెవులు రిక్కించి మెల్లగా గుర్రుమన్నది. ముందు, చీకటిలో, కల్వర్టు గోడమీద తెల్లని ఆకారం. పిల్లలు ఒకరినొకరు పట్టుకొన్నారు. నాకు దేహమంతా చల్లబడింది. స్థాణువును చూచి పురుషుడనుకొనే భ్రాంతిని, త్రాటిని చూచి సర్పమనుకొనే అధ్యాసను ఎన్నిమార్లు వివరించానో లెక్కలేదు. ఆ క్షణాన ఒక్క న్యాయమూ అక్కరకు రాలేదు. అది అతడే అనుకొన్నాను.

శునకం మనకంటె ఎక్కువ వింటుంది. మనిషి చెవి ఇరవైవేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోగా, దాని చెవి సుమారు 45,000 హెర్ట్జ్ వరకు గ్రహిస్తుందంటారు. దాని ఘ్రాణశక్తి సంగతి చెప్పనక్కరలేదు. అది గుర్రుమంటే మనకు కనబడనిదేదో చూచిందని జడుసుకొంటాము. అది మాత్రం తెలియని దానిని తెలుసుకొనడానికే నిలుస్తుంది. మోతీ రెండు నిమిషాలు గాలిని వాసన చూచింది. తరువాత తోక ఊపుతూ పరుగెత్తి ఆ తెల్లని ఆకారపు పాదాల వద్ద పడుకొన్నది.

“ఎవులది?” అన్నది ఆ ఆకారం. నా మిత్రుని తల్లి.

ఆమెకు నిద్ర పట్టని రాత్రులలో వచ్చి ఆ గోడమీద కొంతసేపు కూర్చుంటుందట. నేను దగ్గరకు వెళ్లి పేరు చెప్పాను. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, “ఇన్నాళ్లకొచ్చినావా బాబూ” అన్నది. నిష్ఠురం లేదు, అభియోగం లేదు. నేను ఆమె కాళ్లమీద పడి చాలాసేపు లేవలేకపోయాను. ఆమె నా తలమీద ఒక చేయి, మోతీ తలమీద ఒక చేయి ఉంచింది.

ఆ రాత్రి నిద్రరాక మహాభారతాన్ని మననం చేసుకొన్నాను. ఆ మహేతిహాసం ఆదిలో ఒక శునకం, అంతంలో ఒక శునకం ఉండడం మనం గమనించవలసిన విశేషం. ఆదిపర్వంలో జనమేజయుని యజ్ఞవాటికలోకి వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు నిష్కారణంగా కొట్టారు. దాని తల్లి, దేవశునియైన సరమ వచ్చి న్యాయమడిగింది. సమాధానం లేకపోగా, నిరపరాధిని హింసించినందుకు కంటికి కనబడని భయం మీకు కలుగుగాక అని శపించింది. ఇక్కడ కొంత నిదానించి ఆలోచించండి. రోగం కలుగుతుందనలేదు, రాజ్యం పోతుందనలేదు. అదృష్టమైన, అనగా కనబడని, భయం వస్తుందన్నది. దయ్యమంటే మనం భావించేది సరిగ్గా ఇదే కదా! కొట్టడం ఎంత హింసయో, పిలిచినవానిని విడనాడడం కూడ అంతే హింస. నన్ను ఏండ్లుగా ఆ త్రోవకు రానీయనిది ప్రేతం కాదు, సరమ శాపమే.

మహాప్రస్థానిక పర్వంలో ఆ శాపానికి విమోచనమార్గం లభిస్తుంది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు క్రమంగా పడిపోగా ధర్మరాజు వెంట ఒక్క శునకమే మిగిలింది. దానిని విడిచి రథమెక్కమని ఇంద్రుడు ఆహ్వానిస్తే, ఆశ్రయించినదానిని విడిచి స్వర్గసుఖం కోరనన్నాడు ధర్మజుడు. అప్పుడా శునకం సాక్షాత్తు ధర్మదేవతగా ప్రత్యక్షమైంది. విడువనివానికి భయం లేదు. విడిచినవానికి చింతచెట్టు చాలు.

బృహదారణ్యకంలో ఆదిపురుషుడు ఒంటరిగా ఉండి మొదట భయపడ్డాడని, తనకంటె వేరొకటి లేనప్పుడు దేనికి భయపడాలని ఆలోచించగానే భయం తొలగిందని ఉన్నది. రెండవదానివల్లనే భయం కలుగుతుందని శ్రుతి నిర్ణయం. నేను దీనిని అద్వైతసిద్ధాంతంగా బోధించాను గాని, మిత్రుని వ్యాధిదేహాన్ని ‘రెండవది’గా చూచి పారిపోయాను. గీతాచార్యుడు పంచమాధ్యాయంలో సమదర్శనం చెబుతూ విద్వాంసుడైన బ్రాహ్మణునితో, గోవుతో, ఏనుగుతో పాటు శునకాన్ని కూడ ఒకే వరుసలో నిలిపాడు. ఆ రాత్రి సమదర్శనం ఉన్నది మోతీకే. బ్రతికినవారి త్రోవ, పోయినవారి త్రోవ అనే భేదం దానికి లేదు.

మరునాటి ఉదయం పిల్లలను వెంటబెట్టుకొని మళ్లీ ఆ త్రోవలోనే వెళ్లి శ్మశానం వద్ద తిలోదకాలు విడిచాను. పశ్చిమోత్తరాన మహేంద్రగిరి మంచుతెరలోనుండి బయటపడుతున్నది. సుమారు 1,500 మీటర్ల ఎత్తైన ఆ పర్వతంమీద పరశురాముడు తపస్సు చేశాడని ప్రతీతి. భీమునికి, కుంతికి, యుధిష్ఠిరునికి అక్కడ ప్రాచీన శిలాలయాలున్నవి. శునకాన్ని విడువని ఆ మహానుభావుని గుడి మా ఊరినుండి తలయెత్తితే కనబడే కొండమీదనే ఉన్నదని ఇన్నేండ్లూ తెలిసి కూడ నాకు తట్టలేదు. ఇప్పుడు నెలకొకసారి మందస వస్తున్నాను. ఆ తల్లి వద్ద కూర్చుని, ఆమె పెట్టినది తిని వెళుతున్నాను. ఇది ప్రాయశ్చిత్తమని చెప్పను. కనబడమన్నవానికి కనబడలేకపోయాను, కనుక అతని తల్లికి కనబడుతున్నాను.

సాధక మిత్రులారా! చీకటిలో భయం కలిగినప్పుడు రక్షాస్తోత్రం చదవండి, మంచిదే. చదివిన తరువాత ఒక్క ప్రశ్న కూడ వేసుకొనండి: నేను ఎవరిని విడిచివచ్చాను? సమాధానం దొరికితే మరునాడే వారి వాకిలికి వెళ్లండి. వారు లేకపోతే వారివారెవరైనా ఉంటారు. దారిలో ఒక శునకం వెంట వస్తే అదిలించకండి.

సర్వం శ్రీ వాసుదేవార్పణమస్తు.